బాసర సీటు వచ్చింది. మేనకోడల్ని పంపాలా, హైదరాబాద్‌లోనే ఇంటర్‌లో చేర్చాలా?

మేనమామ_కూకట్‌పల్లి · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

మా చెల్లె వాళ్ళది కామారెడ్డి దగ్గర పల్లె. దాని బిడ్డ ఊళ్ళోని జెడ్పీ హైస్కూల్లో టెన్త్ చదివింది, స్కూల్ ఫస్ట్. బాసర త్రిపుల్ ఐటీకి అప్లికేషన్ పెడితే మొదటి లిస్టులోనే పేరొచ్చింది. వాళ్ళింట్లో పండగ. నాకు మాత్రం మూడు రోజులుగా నిద్ర లేదు.

ఎందుకంటే నేను ముందే మాటిచ్చేశాను, పిల్లని మా ఇంట్లో పెట్టుకుని ఇక్కడే ఇంటర్ చదివిస్తానని. రెండు గదుల ఇల్లు, మా ఆవిడకి అభ్యంతరం లేదు. మా వాడు ఎనిమిదో తరగతి. కాలేజీ కూడా చూసొచ్చా. ఇంటి నుంచి వచ్చిపోయేదానికి ఏడాదికి లక్షా ఇరవై అన్నారు, బతిమాలితే లక్షకి దిగారు. ఎట్లో సర్దుదాం అనుకున్నా.

ఇప్పుడు బాసర అంటే ఆరేళ్ళంట. పదిహేనేళ్ళ పిల్ల. ఒక్క రాత్రి కూడా తల్లిని వదిలి పడుకోలేదు. చెల్లె "నువ్వెట్ల చెప్తే అట్ల అన్నా" అంటుంది. బావ అసలు నోరు తెరవడు. నేను డిగ్రీ మధ్యలో ఆపేసి హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాసుకునే మనిషిని, నా మాట మీద పిల్ల జీవితం పెట్టారు. రిపోర్టింగ్‌కి తొమ్మిది రోజులుంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

జేబీఎస్_ప్లాట్‌ఫాం · శనివారం రాత్రి 10:58

అన్నా, బాసర అంటే అక్షరాభ్యాసాలు చేయించే బాసరేనా? త్రిపుల్ ఐటీ ఉన్నది గచ్చిబౌలిలో కదా?

లెక్కల_సార్ · శనివారం రాత్రి 11:15

రెండూ వేరు నాయనా. గచ్చిబౌలిది 1998లో పెట్టారు. అందులో చేరాలంటే ఇంటర్ అయ్యాక జేఈఈ మెయినో, వాళ్ళ సొంత పరీక్షో రాయాలి. బాసరది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. 2008లో, వైఎస్ రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఒకేసారి మొదలైంది. టెన్త్ మార్కుల మీదే తీసుకుంటారు, ఎంట్రన్స్ లేదు. రెండేళ్ళు పీయూసీ, అంటే ఇంటర్ లాంటిది, ఆ తర్వాత నాలుగేళ్ళు బీటెక్, అన్నీ అక్కడే.

జనం కలిపేసుకోవడంలో వింత లేదు. బాసర విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్ రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఆయనే. గచ్చిబౌలి సంస్థ పాలకమండలికీ ఏళ్ళ తరబడి పెద్దగా ఉన్నది ఆయనే. పైగా బాసర వాళ్ళ ఆఫీసు కొన్నాళ్ళు గచ్చిబౌలి క్యాంపస్‌లోని వింధ్య బిల్డింగులోనే నడిచింది. సర్టిఫికెట్ పని మీద వచ్చిన పల్లెటూరి తండ్రులు ఆ గేటు దగ్గర సెక్యూరిటీకి దండం పెట్టడం నేను చూశాను.

గోదారొడ్డు_బీ11 · శనివారం రాత్రి 11:52

మేనమామ గారూ, నేను బీ11. అంటే 2011లో బాసరలో చేరాను. ఐడీ నంబర్లో మొదటి అక్షరం ఊరిది, తర్వాతి రెండంకెలు చేరిన ఏడాదివి. నూజివీడు వాళ్ళకి ఎన్, ఇడుపులపాయ వాళ్ళకి ఆర్. ఇప్పుడు మాదాపూర్లో ఉద్యోగం. ఆఫీసు క్యాంటీన్లో మా వాళ్ళు ఎవరైనా తగిలితే పేరు కన్నా ముందు బ్యాచే అడుగుతాం. పీయూసీ రెండేళ్ళని పీ1, పీ2 అంటారు, ఇంజినీరింగ్ నాలుగేళ్ళు ఈ1 నుంచి ఈ4. మీ కోడలు వారం తిరక్కుండానే ఈ భాష మాట్లాడుతుంది, మీరు కూడా నేర్చుకోండి.

మాది బోధన్ వైపు పల్లె, తెలుగు మీడియం. మొదటి నెల సంగతి చెప్తా. క్లాసులో అంతా ఇంగ్లీషు. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు, మా ఊళ్ళో కంప్యూటర్ అంటే మండలాఫీసులో ఒకటుండేది. మూత ఎటువైపు తెరవాలో తెలియక పక్కమ్మాయిని చూసి తెరిచా, ఆ అమ్మాయి నన్ను చూద్దామని ఆగిందట! ఫిజిక్సులో "మూమెంట్ ఆఫ్ ఇనర్షియా" అన్నారు. మూమెంట్ అంటే క్షణం అని ఎక్కడో చదివిన గుర్తు. నోట్సులో పక్కన "జడత్వ క్షణం" అని రాసుకున్నా. పది రోజులు ఆ క్షణం ఎప్పుడొస్తుందా అని చూశా. అది జడత్వ భ్రామకం అని రూమ్మేట్ చెప్పింది, దానికి కూడా వాళ్ళన్నయ్య చెప్పాడు.

ఆ రాత్రే ఇద్దరం ఓ లాంగ్ నోట్‌బుక్‌కి మధ్యలో గీత కొట్టాం. ఎడమవైపు త్వరణం, కుడివైపు యాక్సిలరేషన్. ఎడమవైపు లంబం, కుడివైపు పర్పెండిక్యులర్. దీనికి స్పెల్లింగ్ మూడుసార్లు కొట్టేసి రాశాం. సంక్రాంతి సెలవులొచ్చే నాటికి కుడివైపు మాత్రమే రాస్తున్నాం, ఎడమవైపు ఖాళీగా ఉండిపోయింది. ఆ పుస్తకం ఇప్పటికీ మా అమ్మ దగ్గర బీరువాలో ఉంది.

అక్కడ ఇంగ్లీషు రాదని నవ్వడానికి ఎవరూ లేరు, వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి. మీ కూకట్‌పల్లి కాలేజీలో ఈ మాట చెప్పగలరా?

ఉప్పల్_అమ్మ · ఆదివారం ఉదయం 6:20

ఉదయాన్నే చదివాను. అందరూ పొగుడుతున్నారు, నేను ఇంకో వైపు చెప్తా. అన్నగారూ, ఆరేళ్ళంటే చిన్న మాట కాదు. పదిహేనేళ్ళప్పుడు వెళ్ళిన పిల్ల ఇరవై ఒకటికి బయటికొస్తుంది. మధ్యలో జ్వరమొస్తే మనం నాలుగైదు గంటల దూరంలో ఉంటాం. 2022 జూన్‌లో ఆ పిల్లలే వేలమంది వారం రోజుల పాటు ఎండావానల్లో కూర్చుని 12 డిమాండ్లు పెట్టలేదా? టీవీలో చూసి నేను ఏడ్చాను. వానలో గొడుగులు పట్టుకుని అట్లనే కూర్చున్నారు.

లెక్కల_సార్ · ఆదివారం ఉదయం 7:05

అమ్మా, జరిగింది నిజం. రెగ్యులర్ వీసీ (వైస్ చాన్సలర్) కావాలన్నది అందులో పెద్ద డిమాండు. అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి క్యాంపస్‌కి వెళ్ళి, రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడాక విరమించారు. నాకు దాంట్లో ఇంకోటి కూడా కనపడింది. అన్ని వేలమంది పదహారు నుంచి ఇరవయ్యేళ్ళ పిల్లలు ఒక్క కుర్చీ విరగ్గొట్టకుండా వారం కూర్చున్నారు. నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, నా క్లాసులో అరవై మందిని పది నిమిషాలు అట్లా కూర్చోబెట్టలేకపోయాను.

మెస్ ఎట్లా ఉంది, హాస్టల్ ఎట్లా ఉంది అన్నది మాత్రం టీవీ చూసీ, మా మాటలు వినీ తేల్చకండి. ఇప్పుడు చదువుతున్న పిల్లల్ని ఇద్దరిని అడగండి. ఏటికేడు మారిపోతుంటుంది.

ఉప్పల్_అమ్మ · ఆదివారం ఉదయం 7:31

సార్, మీ మాట కాదనను. కానీ నేను ఊరికే భయపడట్లేదు. మా పెద్దమ్మాయిని ఇక్కడే ఓ కార్పొరేట్ కాలేజీలో వేశాం, పేరు రాయను. ఇల్లు పక్కనే కదా అని ధైర్యం. ఉదయం ఆరున్నరకి వ్యాన్, రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటికి. రెండేళ్ళలో అది నాతో కూర్చుని అన్నం తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆదివారం కూడా టెస్టే.

రాసి చూసుకుంటే నా వాదన నాకే ఎదురు తిరిగినట్టుంది. ఉండనివ్వండి, చెరపను.

రెండో_షిఫ్ట్ · ఆదివారం మధ్యాహ్నం 2:10

ఇప్పుడే లేచా. నేనూ బాసరే. అందరూ సీటు వచ్చిందా లేదా అని చూస్తారు, అసలు మెలిక రెండేళ్ళ తర్వాత ఉంటుంది. చేరేటప్పుడు బ్రాంచ్ ఇవ్వరు. పీయూసీలో తెచ్చుకున్న సీజీపీఏని, అంటే మొత్తం సగటు గ్రేడుని బట్టి ఈ1లో బ్రాంచ్ వస్తుంది. కంప్యూటర్స్ అందరికీ కావాలి, అందరికీ రాదు. నాకు మెటలర్జీ వచ్చింది.

ఇంట్లో చెప్తే మా నాన్న "అంటే ఏంది బిడ్డా?" అన్నాడు. ఇనుము గురించి అన్నా. "మన ఊళ్ళో కమ్మరి ఉన్నడు కదా, దానికి బాసర దాకా ఎందుకు?" అన్నాడు. నాకూ అప్పుడు జవాబు తెలియదు. మొదటి సెమిస్టర్ అంతా మొహం వేలాడేసుకుని తిరిగా. ఈ3లో ఓ సార్ పెట్రీడిష్‌లో నాణెమంత స్టీలు ముక్క తెచ్చాడు. అద్దంలా మెరిసేదాకా ఎమెరీ పేపర్ మీద రుద్దించి, దాని మీద ఆసిడ్ చుక్క వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టాడు. ఇనుములో గదులు గదులుగా ఇళ్ళ కప్పుల్లాంటి గీతలు! పక్కవాడు తోసేదాకా నేను కన్ను తీయలేదు. కంచన్‌బాగ్‌లో మిధాని, డీఎంఆర్‌ఎల్ ఉన్నాయనీ, క్షిపణులకి కావలసిన లోహాల పని అక్కడ జరుగుతుందనీ ఆ తర్వాతే తెలిసింది. ఇప్పుడు జీడిమెట్లలో ఓ ఫౌండ్రీలో క్వాలిటీలో ఉన్నా.

చెప్పొచ్చేదేంటంటే, "బాసర వెళ్తే సాఫ్ట్‌వేర్ గ్యారంటీ" అని పిల్ల చెవిలో ఊదకండి. సివిల్, మెకానికల్, కెమికల్, ఈఈఈ, ఈసీఈ అన్నీ ఉంటాయి, ఏదైనా రావచ్చు. పీయూసీ అయ్యాక వద్దనుకుంటే జేఈఈ, ఈఏపీసెట్ రాసి బయటికి వెళ్ళే దారి కూడా ఉంది. మా బ్యాచ్‌లో వెళ్ళినవాళ్ళున్నారు.

హైటెక్_నాన్న · ఆదివారం మధ్యాహ్నం 3:26

అభినందనలు. కానీ ఓ మాట. మా అబ్బాయికి పదికి పది జీపీఏ. అప్పట్లో బాసర రాలేదు. సర్కారు బడి పిల్లలకి 0.4 కలుపుతారట, అందుకని తక్కువ తెచ్చుకున్నవాళ్ళు ముందుకెళ్ళారు. ఇదెక్కడి న్యాయం?

లెక్కల_సార్ · ఆదివారం మధ్యాహ్నం 3:58

జీపీఏలున్న రోజుల లెక్క చెప్తాను. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి 0.4 కలిపేవారు. 9.7 తెచ్చుకున్న జెడ్పీ పిల్ల 10.1 అయి, పదికి పది వచ్చిన పిల్లాడి కన్నా ముందుండేది. మీ కోపం అర్థమవుతుంది. కానీ ఆ 9.7 వచ్చిన బడి మీరు చూశారా? నేను పనిచేసిన ఓ ఊళ్ళో ఏడాదిలో అయిదు నెలలు ఫిజిక్స్ సార్ లేడు. తెలుగు టీచరమ్మ ఓం నియమం పాఠం చదివి వినిపించేది, బోర్డు మీద సర్క్యూట్ బొమ్మ గీయడం రాక ముగ్గు లాగా గీసేది. అక్కడ తెచ్చుకున్న 9.7 అది.

హైటెక్_నాన్న · ఆదివారం సాయంత్రం 4:15

మా వాడు ఇప్పుడు బాచుపల్లిలో బీటెక్ చేస్తున్నాడు, బాగానే ఉన్నాడు. అప్పటి బాధ చెప్పానంతే సార్.

పేరొద్దు · ఆదివారం రాత్రి 9:47

నేను చదివింది బాసర కాదు. ఊరికి దూరంగా, గోడ లోపల ఉండే ఇంకో రెసిడెన్షియల్ కాలేజీ, ఎంట్రన్స్ రాస్తే వచ్చింది. పేరు అడక్కండి. అయిదు నెలలకే వచ్చేశాను. ఆ సంగతి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, అన్నగారి పోస్టు చూసి రాయాలనిపించింది.

అన్నం బాగాలేదు, నీళ్ళు రావు అని ఇంట్లో చెప్పా. అది నిజమే. పప్పులో పప్పు వెతుక్కోవాలి, ఆదివారం గుడ్డు కోసం లైన్‌లో కొట్టుకునేవాళ్ళం. కానీ వచ్చేసింది దాని కోసం కాదు.

మా స్కూల్లో నేను ఆరో తరగతి నుంచి ఫస్టే. సార్లు లేనప్పుడు క్లాసు నేనే చూసుకునేవాణ్ణి. ఊళ్ళో ఎవరింటికెళ్ళినా "ఫస్టొచ్చే పిల్లగాడు" అనేవాళ్ళు, అదే నా పేరు. అక్కడ మొదటి యూనిట్ టెస్టులో నాకు 42వ స్థానం వచ్చింది. అరవై మందిలో. లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టారు. నా పేరు పై నుంచి వెతుక్కుంటూ వచ్చా. ఇరవై దాటాక చేతులు చల్లబడ్డాయి. వెనకాల ఎవరో "జరుగు తమ్మీ" అంటున్నారు, నేను జరగలేకపోయా.

తర్వాత తెలిసిందేంటంటే ఆ అరవై మందీ ఎక్కడో ఓ చోట ఫస్టొచ్చినవాళ్ళే. ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే! ఎవరూ చెప్పలేదు, మా నాన్నకి తెలియదు, సార్లకి చెప్పాలని తోచలేదు. దసరాకి ఇంటికొచ్చినప్పుడు మార్కుల కాగితం వడ్ల బస్తాల కింద దాచా. సెలవులయ్యాక కడుపునొప్పి అన్నా. నెల తిరక్కుండా పెట్టె సర్దుకుని వచ్చేశా.

అన్నగారూ, పంపండి, పంపకపోండి. పంపితే మాత్రం ఒకటి చెప్పి పంపండి. అక్కడ దానికి నలభయ్యో స్థానం రావచ్చు. వచ్చినప్పుడు మొదటి ఫోన్ మీకే చేయమనండి. ఫోన్ చేస్తే తిట్టకండి, అయ్యో అని కూడా అనకండి. "అన్నం తిన్నావా?" అనడగండి చాలు.

గోదారొడ్డు_బీ11 · ఆదివారం రాత్రి 10:30

పేరొద్దు గారూ, మీ పోస్టు మా పాత రూమ్మేట్స్ గ్రూపులో పెట్టాను, తప్పైతే చెప్పండి తీసేస్తా. ఏడుగురం ఏడు మండలాల ఫస్టులం. మొదటి పరీక్ష తర్వాత గదిలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు, దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. రాత్రి ఒంటిగంటకి ఒకమ్మాయి చీకట్లోంచి "నాకు లెక్కల్లో తొమ్మిదొచ్చినయ్" అంది. ఇంకోటి "నాకు ఏడు" అంది. అలా ఒక్కొక్కరం చెప్పుకుంటూ పోయాం. చివరికి మేం నవ్వు ఆపుకోలేకపోతే వార్డెన్ వచ్చి తలుపు కొట్టింది. మీకు ఆ గది దొరకలేదు. అంతే తేడా. తెలివితేటల్లో తేడా లేదు.

నిప్పుకణిక · ఆదివారం రాత్రి 11:02

ఆడపిల్లకి ఆరేళ్ళు హాస్టలేంటండీ? ఇంటర్ చాలు, తర్వాత సంబంధం చూసుకోండి.

ఉప్పల్_అమ్మ · ఆదివారం రాత్రి 11:09

నాయనా, నేను వద్దన్నది దూరం గురించి, చదువు గురించి కాదు. నా పేరు నీ వరసలో కలపకు.

నిర్వాహకుడు · సోమవారం ఉదయం 8:00

రెండు పోస్టులు తీసేశాను. ఒకటి తిట్లది, ఇంకోటి "సీటు కన్ఫర్మ్ చేయిస్తాం" అంటూ ఫోన్ నంబర్ పెట్టినది. బాసర సీటు మార్కుల మీద వస్తుంది, అమ్ముకునేవాళ్ళు మోసగాళ్ళు. మిగతా చర్చ కొనసాగించండి.

సాగర్_84 · సోమవారం మధ్యాహ్నం 12:40

ఈ పిల్లల మాటలు చదువుతుంటే నాకు విజయపురి సౌత్ గుర్తొచ్చింది. నేను 1984లో నాగార్జునసాగర్ రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీలో చేరాను. దానికీ ఎంట్రన్సే. దేవరకొండ తాలూకా నుంచి ఓ రేకుపెట్టె, చాప, రెండు లుంగీలతో దిగాను. సాయంత్రం డ్యామ్ మీద నడక, గేట్లెత్తిన రోజు క్లాసు ఎగ్గొట్టడం, ఎత్తిపోతల దాకా నడిచి వెళ్ళి రావడం... ఇంతకన్నా వినోదం లేదు. సినిమాకి మాచర్ల వెళ్ళాలి.

చేయడానికి ఏమీ లేకపోవడం వల్ల మేం చదివాం. దీన్ని గొప్పగా చెప్పుకోవడం నాకిష్టం లేదు, నిజంగానే ఇంకేం లేదు. లైబ్రరీలో కుర్చీ కోసం సాయంత్రం ఆరింటికే టవలు వేసొచ్చేవాళ్ళం, రైల్లో సీటుకి వేసినట్టు.

మన దగ్గర ఈ ఆలోచన పాతదే. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం పెట్టించారు. పల్లెలో తెలివైన పిల్లల్ని ఏరి, పల్లెలోనే ఓ చోట కూర్చోబెట్టి చదివించడం అక్కడ మొదలైంది. ఊరికి దూరంగా ఉంటే ఏమొస్తుందో, ఏం పోతుందో రెండూ నాకు తెలుసు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చి కోఠిలో బస్సు దిగినప్పుడు రోడ్డు దాటడానికి పావుగంట పట్టింది. ఇరవై ఏళ్ళవాణ్ణి. ఓ ముసలావిడ చెయ్యి పట్టుకుని దాటించింది.

మేనమామ_కూకట్‌పల్లి · సోమవారం రాత్రి 10:15

అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న ఊరికెళ్ళొచ్చా. మీ పోస్టులన్నీ కోడలికి ఫోన్లో చూపించా. అది చదివేటప్పుడు పక్కన కూర్చుంటే సిగ్గుపడుతుందని బయట వేపచెట్టు కింద కూర్చున్నా. అరగంట బయటికి రాలేదు.

వచ్చాక ఒకటే అడిగింది. "మామా, మీ ఇంట్లో ఉంటే నేను చదువుకునేది తమ్ముడి గదిలోనా?" అవునన్నా. "మరి రాత్రి తమ్ముడు పడుకున్నాక లైటు వేసుకుంటే?"

నేను ఏం చెప్పాలి! మా వాడికి చిన్న వెలుతురున్నా నిద్రపట్టదు. ముందు గదిలో టీవీ ఉంటుంది, మా నాన్న అక్కడే పడుకుంటాడు. మూడు నెలలుగా ఫీజు లెక్క వేసుకున్నా, బస్ పాస్ లెక్క వేసుకున్నా. పిల్ల ఎక్కడ కూర్చుని చదవాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అది ఆలోచించింది. పోయిన ఎండాకాలం మా ఇంటికి వచ్చి పది రోజులున్నప్పుడే చూసుకుందంట.

మా ఆవిడకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "దుప్పటి మందంది కొను" అంది.

పంపుతున్నాం. ఇక కాగితాలు, సామాన్ల సంగతి చెప్పండి.

గోదారొడ్డు_బీ11 · సోమవారం రాత్రి 10:41

వదిన గారు కరెక్ట్. ఉమ్మడి ఆదిలాబాద్ చలి మీ కూకట్‌పల్లిలో తెలియదు. రగ్గు, స్వెటర్ తప్పనిసరి. రెండు జతల చెప్పులు. తాళం మంచిది కొనండి, మూడు తాళం చెవులున్నది. ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఇంటి పచ్చడి ఎక్కువ పెట్టండి, అది దానికోసం కాదు, మొదటి రోజు గదిలో స్నేహాలు దాంతోనే మొదలవుతాయి.

లెక్కల_సార్ · మంగళవారం ఉదయం 6:50

టెన్త్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, ఫొటోలు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలో ఈ రోజే పెట్టండి, చివరి రెండు రోజుల్లో సర్వర్ మొరాయిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఈ-పాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అప్లై చేయాలి. బీసీలైతే పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర లోపుండాలి, టౌన్లో అయితే రెండు లక్షలు. ఆదాయం పత్రం మీ బావ పేరు మీదే ఉండాలి, మీ పేరు మీద కాదు. అన్నిటికీ నాలుగేసి జిరాక్సులు. ఒరిజినల్స్ ఇచ్చే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి.

రెండో_షిఫ్ట్ · మంగళవారం మధ్యాహ్నం 1:55

రైల్లో వెళ్ళండి, బస్సు కన్నా సుఖం. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్ళే లైనే. మీ చెల్లె వాళ్ళు కామారెడ్డిలో ఎక్కొచ్చు. నిజామాబాద్ దాటాక కాసేపటికి చక్రాల చప్పుడు మారుతుంది, కిందికి చూస్తే గోదావరి. జనం కిటికీల్లోంచి నాణేలు వేస్తుంటారు. అప్పుడే పెట్టెలు దించుకోవాలి, బ్రిడ్జి దాటగానే బాసర. ఆరేళ్ళు వెళ్ళొచ్చా, ఒక్కసారి మాత్రం నిద్రపోయి ధర్మాబాద్‌లో తేలా. అది మహారాష్ట్ర.

వసంత పంచమికి మాత్రం చూడ్డానికి వెళ్ళకండి, అక్షరాభ్యాసాల జనంతో ఊళ్ళో కాలు పెట్టే సందుండదు.

మేనమామ_కూకట్‌పల్లి · తర్వాతి సోమవారం రాత్రి 11:20

వదిలొచ్చాం. కామారెడ్డిలో చెల్లె, బావ, పిల్ల ఎక్కారు. నేను ముందు నుంచే కూర్చున్నా. రేకుపెట్టె బేగంబజార్లో కొన్నా, దాని మీద పేరు రాయిస్తానంటే "ఐడీ నంబర్ వచ్చినాక నేను రాసుకుంటా" అంది. బ్రిడ్జి మీద మా బావ జేబులోంచి అయిదు రూపాయల బిళ్ళ తీసి వేశాడు. దారి పొడుగునా ఆయన చేసిన పని అదొక్కటే. వచ్చేటప్పుడు రైల్లో ఒక్కడే తలుపు దగ్గర నిలబడ్డాడు, నిజామాబాద్ దాకా లోపలికి రాలేదు.

పేరొద్దు గారూ, మీరు చెప్పమన్నది చెప్పా. "నలభయ్యో స్థానం వస్తే ఫోన్ చెయ్" అన్నా. "నలభై ఒకటొస్తే?" అని నవ్వింది. ఆ నవ్వు ఎన్నాళ్ళుంటుందో చూడాలి.

ఒక సందేహం. మనమే మధ్యలో ఫోన్ చేస్తుండొచ్చా?

గోదారొడ్డు_బీ11 · తర్వాతి సోమవారం రాత్రి 11:34

మొదటి వారం ఆమె చేసేదాకా ఆగండి. మీరు చేస్తే ఏడుస్తుంది, చేయకపోతే మర్చిపోతుంది.

మేనమామ_కూకట్‌పల్లి · బుధవారం రాత్రి 9:05

చేసింది. ఏడవలేదు. గదిలో ఒకమ్మాయిది ఖానాపూర్ దగ్గర గూడెం, ఇంకొకమ్మాయిది గద్వాల. పచ్చడి అయిపోయిందంట. ఫోన్ చార్జర్ మా ఇంట్లోనే మర్చిపోయింది, మా వాడి బల్ల మీద ఉంది. వేరేవాళ్ళది అడిగి పెట్టుకుంటుందంట. ఎట్లా పంపాలి? కొరియర్ అయితే గేటు దగ్గర ఇస్తారా?

జేబీఎస్_ప్లాట్‌ఫాం · బుధవారం రాత్రి 9:22

కొరియర్ ఎందుకన్నా, నేను శుక్రవారం పొద్దున్నే బాసర పోతున్నా, మా అన్న కొడుక్కి అక్షరాభ్యాసం. చార్జర్ తెచ్చివ్వండి. పచ్చడి కూడా పెట్టండి, సీసా మూత గట్టిగా బిగించి. అయిదున్నరకల్లా జేబీఎస్‌లో నిజామాబాద్ బస్సులాగే చోట ఉంటా.